గెట్టో అంటే ఏమిటి, పల్లె అంటే ఏమిటి

బెజవాడలో ఒక సాహిత్య సభ. దళిత కథల మీద నేను పేపరు చదివి వచ్చి కూర్చున్నాను. అధ్యక్షస్థానంలో వున్న పెద్దమనిషి చివర్లో లేచి, "అమ్మాయి బాగానే రాసింది. కానీ మీరంతా మీకోసం మీరే ఒక గెట్టో కట్టుకుంటున్నారు. అందులోంచి బయటికి రండి, విశాలంగా చూడండి" అన్నారు. సభ చప్పట్లు కొట్టింది. నాకు అప్పటికప్పుడు జవాబు తట్టలేదు. మాట తెలియక కాదు. ఇంగ్లీషు పుస్తకాల్లో వందసార్లు కంటబడిన మాటే. అర్థం తెలుసని అనుకుంటూ చదువుకుంటూ పోయే మాటలు కొన్ని వుంటాయి గదా, అలాంటి మాట. పైగా మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేను. పెద్ద మాట వినగానే తప్పు మనదేనేమో అనుకునే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు.

ఆ తర్వాత ఆ మాట వెంట పడ్డాను. పడ్డాక తెలిసిందేమంటే, గెట్టోని ఎవరూ తమకోసం తాము కట్టుకోలేదు. కట్టి అందులోకి తోశారు. ఆ పెద్దమనిషి వాడిన అర్థం అసలు అర్థానికి తలకిందులు. ఒక మాట తన పుట్టుకకు పూర్తి ఎదురుగా వెళ్ళి, ఎవరిని బంధించారో వాళ్ళ మీదే నేరం మోపే స్థితికి ఎలా వచ్చిందో చూడటం మన విద్యార్థులకీ కార్యకర్తలకీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఇటలీ మాటతో మనకేం పని అనుకోవద్దు. గుణదల కొండ మీద 1924లో మేరీమాత విగ్రహం పెట్టిన ఫాదర్ ఆర్లాటి ఇటలీ మనిషే. మన డెల్టా పల్లెల్లో ఆర్‌సీఎం బడుల్లో అక్షరాలు దిద్దిన ముసలివాళ్ళని అడిగితే మిలాన్ ఫాదర్ల కథలు ఇంకా చెబుతారు.

మాట పుట్టింది వెనిస్ నగరంలో. నీళ్ళ మీద నగరం అది, వీధులకు బదులు కాలవలు. అక్కడ ఒక చిన్న లంక మీద ఒకప్పుడు రాగి కరిగించి పోతపోసే కొలిమి వుండేది. ఇటలీ భాషలో ‘జెత్తారె’ అంటే రెండర్థాలు. ఒకటి విసిరేయడం, పారేయడం. రెండోది కరిగిన లోహాన్ని అచ్చులో పోయడం. మన భాషలో పోత విగ్రహం అంటామే, ఆ పోత. దానినుంచి వెనిస్ యాసలో పోతపోసే చోటుకి ‘జెతో’ అని పేరు. కొలిమి పోయింది, చోటు పేరు మిగిలింది. మన దగ్గర సున్నపు బట్టీలు పోయినా సున్నపుబట్టీల సెంటర్ అనే పేరు మిగిలినట్టు.

1516 మార్చి 29న వెనిస్ పాలకులు ఒక ఆజ్ఞ చేశారు. నగరంలో వున్న యూదులందరూ ఇళ్ళు ఖాళీ చేసి ఆ లంక మీదికి పోవాలి. లంకకు వంతెనలు, వంతెనలకు గేట్లు. పొద్దున గంట కొట్టినప్పుడు తెరుస్తారు, రాత్రికి మూసేస్తారు. గేటు దగ్గర క్రైస్తవ కాపలాదార్లు వుంటారు, చుట్టూ కాలవలో పడవల మీద గస్తీ తిరుగుతారు. ఆ కాపలా జీతాలు ఎవరివ్వాలి? లోపల మూసేసిన యూదులే ఇవ్వాలి. ఆ లంకలో అంతకుముందు అద్దెకున్నవాళ్ళను లేపి, యూదుల దగ్గర మూడోవంతు ఎక్కువ అద్దె తీసుకోవచ్చని ఇంటి యజమానులకు రాయితీ ఇచ్చారు. బయట తిరిగేటప్పుడు యూదుడని తెలిసేలా రంగు టోపీ పెట్టుకోవాలి. రాత్రిపూట బయటికి రావడానికి వైద్యులకు మాత్రం మినహాయింపు. వెనిస్ దొరలకు అర్ధరాత్రి జబ్బు చేస్తే యూదు వైద్యుడు కావాలి మరి.

జనం పెరిగారు, చోటు పెరగలేదు. 1541లో ఒక ముక్క, 1633లో ఇంకో ముక్క కలిపారు గానీ చాలలేదు. పక్కకు జరగడానికి లేదు కాబట్టి ఇళ్ళు పైకి లేచాయి. ఏడెనిమిది అంతస్తులు, తల తగిలేంత తక్కువ ఎత్తు కప్పులు. నగరంలో అన్నిటికన్నా ఎత్తయిన ఇళ్ళు అన్నిటికన్నా కిందికి నెట్టినవాళ్ళవి కావడం ఆ చోటి విశేషం. ఇప్పటికీ నిలబడే వున్నాయి.

‘జెతో’ ‘గెత్తో’ ఎలా అయింది అన్నదానికి పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. అక్కడికి మొదట వచ్చినవాళ్ళలో జర్మనీ యూదులు వుండటం వల్ల వాళ్ళ నోట ‘జ’ కాస్తా ‘గ’ అయిందని ఒక మాట. పేట అనే అర్థమున్న ‘బొర్గెత్తో’ తోక అని ఇంకో మాట. హీబ్రూలో విడాకుల కాగితాన్ని ‘గెట్’ అంటారు, అదే మూలం అని మరొకటి. ఎక్కువమంది కొలిమి వైపే వున్నారు. నాకు మాత్రం ఆ క్రియకున్న రెండర్థాలూ ఒకేసారి నిజమనిపిస్తుంది. మనుషుల్ని పారేసే చోటు అది. పారేశాక వాళ్ళని ఒకే అచ్చులో పోసి, ‘వీళ్ళింతే, వీళ్ళ తీరే ఇంత’ అని చూపించే చోటు కూడా.

1555లో రోములో పోపు నాలుగో పాల్ ఇలాంటిదే పెట్టించాడు. వెనిస్ గేట్లను 1797లో నెపోలియన్ సైన్యం వచ్చాక పీకి తగలబెట్టారు. రోములోది 1870 దాకా నడిచింది. ఆ తర్వాత నాజీలు ఆ పేరు మళ్ళీ తవ్వి తీశారు. 1940లో వార్సాలో గోడ కట్టి లక్షలమందిని మూసేశారు. అది వెనిస్ లాంటిది కూడా కాదు, చావు బండి ఎక్కించే ముందు నిలబెట్టిన చోటు. 1943 ఏప్రిల్లో లోపలివాళ్ళు దొరికిన తుపాకులతోనే తిరగబడ్డారు. ఆ చరిత్ర వేరే రాయాల్సినంత పెద్దది.

అట్లాంటిక్ దాటాక మాట ఇంకోసారి మారింది. లూయిస్ వర్త్ అనే సమాజ శాస్త్రవేత్త 1928లో చికాగో యూదుల పేట మీద రాసిన పుస్తకానికి ‘ది గెట్టో’ అనే పేరు పెట్టాడు. క్రమంగా ఆ మాట నల్లజాతివాళ్ళ పేటలకు అతుక్కుంది. అక్కడ గేట్లు లేవు. ఇళ్ళ దస్తావేజుల్లో మాత్రం నల్లవాళ్ళకు అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు అని షరతు రాసుకునేవాళ్ళు. అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని అమెరికా సుప్రీం కోర్టు 1948లో చెప్పింది. కాగితం పోయింది, పేటలు పోలేదు. అక్కడినుంచి ‘గెట్టో’ అంటే పేదరికం, మురికి, నేరం అనే అర్థం వచ్చింది. తోసినవాళ్ళ పని మరుగున పడి, తోయబడినవాళ్ళ గుణంగా మారింది. ఆ తర్వాతది అలంకారం. ఎవరు తమలో తాము కలిసి కూర్చున్నా గెట్టో. స్త్రీలు స్త్రీల గురించి రాస్తే గెట్టో, దళితులు దళితుల గురించి రాస్తే గెట్టో. బ్రాహ్మణ కుటుంబాల గురించి వందేళ్ళు కథలు రాస్తే మాత్రం అది తెలుగు కథ.

ఈ మాటని మన పల్లెకు తగిలించింది ఎవరో కాదు, అంబేద్కరే. ఆయన బతికుండగా అచ్చుకాని రచన ఒకటి 1989లో మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన అయిదో సంపుటంలో వచ్చింది. దాని పేరులోనే అంటరానివాళ్ళని భారతదేశపు గెట్టో పిల్లలు అన్నాడు. లండన్ యూదుల మీద ఇజ్రాయెల్ జాంగ్విల్ రాసిన 1892 నాటి నవల పేరు ఇందులో వినిపిస్తుంది. 1948లో వచ్చిన ‘ది అన్‌టచబుల్స్’లో కూడా ఇదే వాదం. అంటరానితనం కేవలం మైల కాదు, కొన్నాళ్ళు మాట్లాడకుండా వుండటం కాదు, నేల మీద గీసిన గీత. ప్రతి హిందూ గ్రామానికీ ఒక గెట్టో వుంది, హిందువులు గ్రామంలో, అంటరానివాళ్ళు గెట్టోలో వుంటారని ఆయన చెప్పిన దాని సారం. దేశం బయటివాళ్ళకు ఒక్క మాటలో అర్థం కావాలని ఆ పోలిక తెచ్చాడనుకుంటాను. అప్పటికి ప్రపంచమంతా ఆ మాట వింటోంది.

ఇక మన మాటలకొద్దాం.

తెలుగు నిఘంటువు తీస్తే పల్లె అంటే చిన్న గ్రామం. సినిమా పాటల్లో పల్లె అంటే పచ్చని చేలు, అమ్మమ్మ ఇల్లు, సంక్రాంతి ముగ్గు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పల్లె అంటే ఏమిటో అందరికీ తెలుసు, నిఘంటువుకి తప్ప. ఊరు వేరు, పల్లె వేరు. మాలపల్లె, మాదిగపల్లె, మాదిగగూడెం. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ తన నవలకు ‘మాలపల్లి’ అని పేరు పెడితే, ఆ పేరు వినగానే అది ఎవరి చోటో అందరికీ అర్థమైంది. హైదరాబాదులో యూనివర్సిటీలో చేరిన కొత్తలో నేను "మా పల్లెలో" అన్నప్పుడల్లా హాస్టల్ పిల్లలు కొందరు మురిసిపోయేవాళ్ళు. వాళ్ళు విన్న పల్లె వేరు, నేను చెప్పిన పల్లె వేరు.

రెవెన్యూ రికార్డులో పల్లె ఊళ్ళో భాగమే. ఒకటే పంచాయతీ, ఒకటే పిన్ కోడ్. అయినా మా అమ్మ కొట్టుకెళ్ళాలంటే "ఊళ్ళోకెళ్ళొస్తా" అంటుంది. రెండు ఫర్లాంగుల దూరం. ఊళ్ళో వుంటూ ఊళ్ళోకి వెళ్ళడం అనే ఈ వాక్యం ఏ వ్యాకరణంలో ఇముడుతుంది? నేను పరిశోధనకు ఊళ్ళు తిరిగినప్పుడు ప్రతిచోటా విన్నాను. ఊరివాళ్ళు "పల్లెలోకి" అంటారు, పల్లెవాళ్ళు "ఊళ్ళోకి" అంటారు. "మన ఊరు" అని ఇద్దరూ కలిసి అనేది బస్సులో, పరాయివాళ్ళ ముందు మాత్రమే.

మిగతా మాటలూ చూడండి. ‘వెలి’ అంటే బయట. వెలివేయడం అంటే బయటికి పెట్టడం. వెలివాడ అంటే బయటి వాడ. దీంట్లో అలంకారం ఏమీ లేదు, ఉన్నదున్నట్టు దిక్కు చెప్పే మాట. ‘వాడ’ మంచి మాటే, విజయవాడలో వున్నదీ అదే వాడ. ముందు ‘విజయ’ వుంటే నగరం, ‘వెలి’ వుంటే మనం. దానికి ఎదురు మాట అగ్రహారం. రాజులు బ్రాహ్మణులకు పన్ను లేకుండా ఇచ్చిన ఊరు. దానికి శాసనం వుంటుంది, రాగిరేకు వుంటుంది, హద్దులు రాసి వుంటాయి. వెనిస్ లంకకు ఆజ్ఞాపత్రం వుంది. పల్లెకు ఏముంది? ఏ రాజు ఏ తేదీన ఎక్కడ వుండమన్నాడో ఒక్క ముక్క కాగితం లేదు. తేదీతో మొదలైంది ఇంకో తేదీన ఆగిపోగలదు. వెనిస్ గెట్టో వయసు 281 ఏళ్ళని లెక్కేసి చెప్పగలం. పల్లె వయసు చెప్పండి చూద్దాం.

గేట్ల సంగతి మా అమ్మకు చెప్పాను. రాత్రిపూట మూసేసేవాళ్ళు, కాపలా పెట్టేవాళ్ళు, ఆ కాపలా డబ్బులు వాళ్ళ దగ్గరే వసూలు చేసేవాళ్ళు అని. ఆవిడ చేటలో బియ్యం చెరుగుతూ విన్నది. "గేటెందుకే వాళ్ళకి? అంత ఖర్చు! మీ తాత రామాలయం మలుపు దాకా చెప్పులు చేత్తో పట్టుకు నడిచాడు. ఎవడు గేటేశాడు?" అంది. నేను రెండేళ్ళుగా థీసిస్‌లో చెప్పాలని అవస్థ పడుతున్నది అదే.

అందుకే గెట్టోకీ పల్లెకీ పోలిక కొంతదూరమే వస్తుంది. మొదటి తేడా ఇది, గెట్టోకి గోడ బయట వుంది, పల్లెకి ఆ గోడ ఊరివాళ్ళ తలల్లోనూ మన కాళ్ళలోనూ వుంది. రెండో తేడా ఇంకా పెద్దది. వెనిస్ యూదులకు లోపల ఒక బతుకు వుండేది. వడ్డీ దుకాణాలు, పాత బట్టల వ్యాపారం, వైద్యం, వాళ్ళ ప్రార్థనాలయాలు, చదువు. వెనిస్‌కి వాళ్ళ డబ్బు కావాలి, మనుషులు వద్దు. పల్లెలో ఏముంది? మన డెల్టాలో ఊరికి కావలసింది చేతులు. నాట్లకు, కలుపుకి, కోతకి, నూర్పిడికి. పొలం ఊరిది, పని పల్లెది. గెట్టోవాడు పగలు బయటికెళ్ళి తన పని చేసుకొచ్చేవాడు, పల్లెవాడు పగలు ఊరి పని చేసి వస్తాడు. కాబట్టి పల్లెను తాళం వేసి మూయలేరు. మూస్తే నాట్లు ఆగిపోతాయి.

కృష్ణా మీద బెజవాడ దగ్గర ఆనకట్ట 1852లో మొదలై 1855లో అయింది. తూర్పున బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ, పడమర కొమ్మమూరు. నీళ్ళొచ్చాక భూమి విలువ పెరిగింది, భూమి వున్నవాళ్ళ మేడలు లేచాయి, వాళ్ళ పిల్లలు మద్రాసు, ఆ తర్వాత అమెరికా వెళ్ళారు. డెల్టా చరిత్ర పుస్తకాల్లో ఇదంతా వుంటుంది. పల్లెకేమైందన్నది వుండదు. చుట్టూ వున్న పొలం మాగాణి అయింది కాబట్టి పల్లె ఒక్క అడుగు పక్కకు జరగలేకపోయింది. ఒక్క ఇంటి స్థలంలో ముగ్గురన్నదమ్ములు మధ్యలో తడికలు కట్టుకున్నారు. వెనిస్‌లో పైకి కట్టుకున్నారు, మనవాళ్ళు అదీ చేయలేకపోయారు, పైకి కట్టాలంటే ఇటుక కావాలి.

ఇంకొక సంగతి. కాలవ నీళ్ళు ఏ చేనికి ఎప్పుడు మళ్ళించాలో చూసి, రాత్రంతా గట్టు మీద కాపలా వుండేది చాలా ఊళ్ళల్లో మాల మనిషే. పొలానికి పారే నీళ్ళు అతని చేతుల మీద పారితే మైల లేదు. ఆ నీళ్ళే మంచినీళ్ళ చెరువులో చేరితే ముట్టుకోకూడదు. 1985 జూలై 17న కారంచేడులో జరిగిన దానికి ముందురోజు గొడవ మొదలైంది ఇలాంటి చెరువు దగ్గరే. మాదిగలు తాగే నీళ్ళ దగ్గర గేదెలకు కుడితి పెట్టి, ఆ బకెట్లు కడగడం, వద్దన్నందుకు కొట్టబోవడం, ఒక మాదిగ స్త్రీ బిందె ఎత్తి అడ్డుకోవడం. తెల్లారి ఊరు పల్లె మీద పడింది. ఆరుగురిని చంపారు, ఆడవాళ్ళపై అత్యాచారం చేశారు. పల్లె విడిగా వుండటం ఎవరికి ఉపయోగమో ఆ రోజు తెలిసింది. విడిగా వున్నదాన్ని చుట్టుముట్టడం సులువు. ఎవరిల్లు అని అడిగి చూడక్కర్లేదు. యూదుడి నెత్తిన టోపీ చేసిన పని, పల్లె ఉన్న చోటే చేస్తుంది.

చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని చంపి, కొందరి శవాల్ని గోతాల్లో కట్టి కాలవలో పారేశారు. దానికి ముందు కొన్ని వారాలుగా మాలలకు పని ఇవ్వకుండా వెలి పెట్టారు. వెలివాడను మళ్ళీ వెలివేయడం ఏమిటి? పల్లె అంటే బయట వుంటూ లోపలి పని చేయడమని ముందు చెప్పుకున్నాం. ఆ లోపలి దారి కూడా మూయడమే రెండో వెలి. ఎందుకంటే అప్పటికి మన పిల్లలు తెనాలి వెళ్ళి చదువుకుంటున్నారు, రైల్వేలో ఉద్యోగాలు చేస్తున్నారు, సినిమా హాల్లో పక్క సీట్లో కూర్చుంటున్నారు. గీత చెరిగిపోతోందని ఊరికి తెలిసినప్పుడే గోడ అవసరం వచ్చింది. తర్వాత ప్రత్యేక కోర్టు చుండూరులోనే కూర్చుని విచారించి, 2007లో ఇరవై ఒక్కమందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది, వ్యవహారం సుప్రీం కోర్టుకి వెళ్ళింది.

ఇక్కడ కారంచేడు వాళ్ళు చేసిన పని ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. వాళ్ళు తిరిగి పల్లెకు పోలేదు. చీరాలలో శిబిరం వేసుకుని కూర్చున్నారు. అదే ఏడాది సెప్టెంబరులో దళిత మహాసభ పుట్టింది. రాజీలు చెప్పడానికి వచ్చినవాళ్ళంతా ఊరికి తిరిగి రమ్మన్నారు. ఊరికి వాళ్ళు కావాలి, చేతులు కావాలి. వాళ్ళు చీరాలలోనే స్థిరపడ్డారు. సభలో ఆ పెద్దమనిషి మాట ప్రకారం చూస్తే ఇదీ ‘గెట్టో కట్టుకోవడమే’ గదా! అందరూ మనవాళ్ళే, ఒకే చోట.

ఈ చిక్కుముడిని అంబేద్కర్ చాలా ముందే విప్పాడు. పల్లెని గెట్టో అని పిలిచిన ఆయన నాయకత్వంలోనే 1942 జూలైలో నాగపూర్ సభ అంటరానివాళ్ళకు వేరే గ్రామాలు కావాలని తీర్మానించింది. గెట్టో వద్దన్న మనిషి విడిగా వుంటామనడం ఏమిటని అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతారు. తేడా దూరంలో లేదు, ఆధారపడటంలో వుంది. పల్లె ఊరికి తోకలాగా వేలాడుతుంది, సొంత భూమి లేదు, తిండి ఊరి చేలోంచి రావాలి. ఆయన అడిగింది ప్రభుత్వ భూమి మీద, సొంత సాగుతో, సొంత పంచాయతీతో వుండే ఊరు. పల్లె కాదు, ఊరు. మనం మన పత్రిక పెట్టుకోవడం, మన కథలు మనం వేసుకోవడం ఈ రెండో రకం. తాళం ఎవరి చేతిలో వుందో చూస్తే సరిపోతుంది.

పేరు మార్చడం మాటేమిటి? బెజవాడకు ఇందులో పెద్ద పాత్ర వుంది. 1917 నవంబరులో ఇక్కడ పంచముల సభ అని పిలిచిన సభకు భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షుడు. నాలుగు వర్ణాల తర్వాత అయిదో లెక్కలో పంచములు అనిపించుకోవడం మాకొద్దు, ఈ నేలకు మొదటివాళ్ళం మేమే, ఆది ఆంధ్రులం అన్నాడాయన. సభ పేరే మారిపోయింది. సభ జరిగిన మూడు రోజులూ, అంటరానివాళ్ళు లోపలికి వస్తారేమోనని కనకదుర్గ గుడి తలుపులు మూసేశారని దళితోద్యమ చరిత్రల్లో చెప్పుకుంటారు. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరును ఒప్పుకుంది. ‘వెలి’ అన్నది దిక్కు చెప్పే మాటయితే, ‘ఆది’ అన్నది కాలం చెప్పే మాట. మీరు మమ్మల్ని బయట పెట్టలేదు, మీరే తర్వాత వచ్చారు అని మొత్తం కథను తిప్పేసిన మాట అది. ఆ తర్వాత కొన్నేళ్ళకు గాంధీ హరిజన అన్నాడు, పల్లె హరిజనవాడ అయింది. ఆ పేరూ పోయి ఎస్సీ కాలనీ వచ్చింది.

ఈ ‘కాలనీ’ సంగతి తమాషాగా వుంటుంది. బెజవాడలో పటమట పక్కన ఏదో కాలనీ అంటే ఇళ్ళ ధరలు కోట్లలో వుంటాయి. అదే మాట మండలంలో "కాలనీలో వుంటాడు" అంటే కులం చెప్పినట్టే. ఒకే మాట, బస్సులో నలభై కిలోమీటర్లు దిగువకు పోతే అర్థం మారిపోతుంది. ఈ మధ్య వేరే రాష్ట్రాలు దీన్ని పట్టించుకున్నాయి. మహారాష్ట్ర 2020 డిసెంబరులో కులం పేర్లున్న వాడల పేర్లు మార్చాలని నిర్ణయించింది. కేరళలో 2024 జూన్‌లో కాలనీ, సంకేతం, ఊరు అనే మాటలు తీసేయాలని ఉత్తర్వు ఇచ్చారు. చూడండి, మలయాళంలో ‘ఊరు’ ఆదివాసుల గూడేనికి వాడుకలో వుండి అవమానమైంది, మనకేమో ఊరు అంటే మనల్ని రానివ్వని చోటు. మాటలో విషం లేదు, ఎవరిని ఎక్కడ పెట్టారన్నదాంట్లో వుంది. తమిళనాడు ముఖ్యమంత్రి 2025 ఏప్రిల్లో శాసనసభలో, ప్రభుత్వ రికార్డుల నుంచి కాలనీ అనే మాట తొలగిస్తామన్నాడు.

నేను దీన్ని కొట్టిపారేయను. నా పదో తరగతి నాటి కాగితాల్లో చిరునామా చోట ‘మాలపల్లె’ అని వుంది. దరఖాస్తు పెట్టిన ప్రతిచోటా కులం గడి నింపకముందే నా కులం చేరిపోయేది. ఆ బరువు మోయనివాళ్ళు పేరులో ఏముంది అంటారు. కానీ పేరు మారిన ప్రతిసారీ కొత్త పేరుకు పాత అర్థం అంటుకోవడం కూడా చూస్తున్నాం. ఎందుకంటే చోటు మారడం లేదు. ఇంకా చెప్పాలంటే, ప్రభుత్వమే చోటును గట్టిపరుస్తోంది. ఎస్సీలకు ఇళ్ళస్థలాలంటూ భూమి కొన్నప్పుడల్లా ఎక్కడ కొంటుంది? పల్లె పక్కనే, ఇంకా దిగువన, మురుగు కాలవ దగ్గర. ఊరి మధ్య స్థలం కొని పది దళిత కుటుంబాలకిచ్చిన ఊరు నేను తిరిగిన డెల్టాలో ఒక్కటీ చూడలేదు. రాజ్యాంగం పదిహేడో అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది. దాని పటాన్ని రద్దు చేయలేదు.

నగరంలో పటం కనపడదు. బెజవాడలో గది కోసం నేను తిరిగిన నెల రోజుల్లో ఒక్కరూ కులం అడగలేదు. "మీరేవిట్లండీ?" అన్నారు. "మాంసం తింటారా?" అన్నారు. "ఇంటిపేరేంటమ్మా?" అన్నారు. చెప్పాక, అడ్వాన్సు పుచ్చుకుందామనుకున్న ఇల్లు మర్నాటికి వాళ్ళ అబ్బాయికి అవసరమైంది. మూడోచోట అబ్బాయి లేడు గాబట్టి మేనల్లుడు వచ్చాడు. చివరికి దొరికిన గదికి పక్క వాటా కన్నా అయిదొందలు ఎక్కువ. వెనిస్ మూడోవంతు గురించి చదివినప్పుడు నవ్వొచ్చింది. అక్కడ కనీసం ఆజ్ఞలో రాశారు.

మన మాట కూడా ఒకటి అలంకారంగా మారి పెద్ద ప్రయాణం చేసింది. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టల్ నుంచి బయటికి పంపబడిన అయిదుగురు పరిశోధక విద్యార్థులు, క్యాంపస్‌లోని షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర గుడారం వేసుకున్నారు. దానికి వెలివాడ అని పేరు పెట్టారు. ఆ అయిదుగురిలో ఒకడు గుంటూరువాడు, రోహిత్ వేముల. ఆ నెల 17న అతను చనిపోయాక ఆ మాట దేశమంతా వినపడింది. తెలుగు రానివాళ్ళు కూడా ‘వెలివాడ’ అని పలకడం నేర్చుకున్నారు. ఊరు దిక్కు చెప్పడానికి వాడిన మాటను, నెట్టినవాళ్ళ నేరం చెప్పడానికి తిప్పారు ఆ పిల్లలు. గెట్టో అనే మాట ప్రయాణానికి ఇది సరిగ్గా ఎదురు ప్రయాణం. అక్కడ నేరం తోసినవాళ్ళ నుంచి తోయబడ్డవాళ్ళకు బదిలీ అయింది, ఇక్కడ వెనక్కి వెళ్ళింది.

కాబట్టి ఇంకోసారి ఎవరైనా సభలో గెట్టో అంటే, గేటు ఎవరు పెట్టారు, కాపలా జీతం ఎవరిచ్చారు అని ఈ రెండు ప్రశ్నలు అడగండి. నేను అడగలేకపోయాను.

ఈ వ్యాసానికి కొనసాగింపుగా కృష్ణా, గుంటూరు, బాపట్ల, ఎన్‌టీఆర్, పల్నాడు జిల్లాల్లో పల్లెల పేర్ల పట్టిక ఒకటి తయారుచేస్తున్నాను. టీచర్లు, విద్యార్థులు మీ పల్లెకు ముసలివాళ్ళు వాడే పేరు, రేషన్ కార్డులో వున్న పేరు, బోర్డు మీద వున్న పేరు, ఊరివాళ్ళు పిలిచే పేరు, ఈ నాలుగూ రాసి పత్రిక చిరునామాకు పంపండి. పల్లె ఊరికి ఏ దిక్కున వుంది, కాలవకు ఎగువనా దిగువనా, ఊళ్ళోకి ఎన్ని దారులున్నాయి అన్నది కూడా రాయండి. మనుషుల పేర్లు రాయనక్కర్లేదు.